కెమెరా ప్రశ్నలు – జవాబులు: మధ్యశ్రేణి డీఎస్ఎల్ఆర్ కొనేముందు

ఈసారి ప్రశ్నలన్నీ మధ్యశ్రేణి డీఎస్ఎల్ఆర్‌ల (లోపలి అద్దం ద్వారా వ్యూఫైండర్‌లో చూసి తీసే, లెన్సులు మార్చుకునే కెమెరాల) గురించే. అంటే నికాన్‌లో డీ7200, డీ7500, కెనాన్‌లో 80డీ, 90డీ, పెంటాక్స్‌లో కే-70 లాంటివి. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి జవాబిస్తున్నాం.

ప్ర: నా దగ్గర నికాన్ డీ5600 ఉంది. డీ7500కి మారితే ఫొటోల నాణ్యత ఎంత పెరుగుతుంది? ఆ తేడాకి అంత డబ్బు పెట్టొచ్చా?

జ: నాణ్యత ఒక్కటే చూసుకుంటే పెట్టక్కర్లేదు. ఒకే లెన్సు, ఒకే వెలుతురు, ఒకే ఎక్స్‌పోజర్‌తో రెండింటిలోనూ రా ఫైలు (సెన్సర్ పట్టింది పట్టినట్టు ఉండే ఫైలు) తీసి పక్కపక్కన పెట్టండి. ఏది దేనిదో చెప్పడం కష్టమవుతుంది. పైగా డీ5600 సెన్సర్ 24.2 మెగాపిక్సెళ్లు, డీ7500ది 20.9. మీరు పెట్టే అదనపు డబ్బు సెన్సర్‌కి కాదు, సెన్సర్ చుట్టూ ఉన్న సరంజామాకి వెళ్తుంది. అది మీకు పనికొస్తుందా లేదా అన్నదే ఆలోచించాలి.

మొదట వ్యూఫైండర్. డీ5600లో వెలుతురు అద్దాల మీద పడి మలుపులు తిరిగి కంటికి చేరుతుంది. దాన్ని పెంటామిర్రర్ అంటారు. డీ7500లో గట్టి గాజు దిమ్మ ఉంటుంది, అది పెంటాప్రిజం. బొమ్మ వెలుగ్గా, పెద్దగా కనిపిస్తుంది. డీ5600 వ్యూఫైండర్ ఫ్రేములో 95 శాతమే చూపిస్తుంది. అందుకే తీసేటప్పుడు కనపడని కొమ్మో, ఎవరి మోచెయ్యో ఫొటో అంచున ప్రత్యక్షమవుతుంది. డీ7500లో మీరు చూసిందే ఫ్రేము. మాగ్నిఫికేషన్ అంకెలు పోల్చేటప్పుడు ఒక మెలిక ఉంది: వాటిని క్రాప్ ఫ్యాక్టర్‌తో (ఫుల్‌ఫ్రేమ్ కంటే, అంటే 35 ఎం.ఎం. ఫిల్మ్ సైజు సెన్సర్ కంటే, ఈ సెన్సర్ ఎన్ని రెట్లు చిన్నదో చెప్పే అంకెతో) భాగించి పోల్చాలి. డీ7500ది 0.94, దాన్ని 1.5తో భాగిస్తే 0.63. కెనాన్ 80డీది 0.95, దాన్ని 1.6తో భాగిస్తే 0.59. కాగితం మీద కెనాన్‌దే పెద్దది, కంటికి నికాన్‌దే పెద్దది.

తర్వాత డయల్స్. డీ5600కి ఒకటే డయల్. మాన్యువల్ మోడ్‌లో షట్టర్ మార్చడానికి దాన్ని తిప్పాలి, ఎపర్చర్ (లెన్సు తెరుచుకునే రంధ్రం, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ అది పెద్దదవుతుంది) మార్చాలంటే ఇంకో బటన్ నొక్కిపట్టి అదే డయల్ తిప్పాలి. డీ7500లో బొటనవేలికి షట్టర్, చూపుడు వేలికి ఎపర్చర్. ఆటో మోడ్ వదలని వాళ్లకి ఇది అక్కర్లేని సౌకర్యం. మాన్యువల్‌లో తీసేవాళ్లు మాత్రం ఒకసారి అలవాటుపడితే వెనక్కి వెళ్లలేరు.

షట్టర్ గరిష్ఠ వేగం 1/4000 సెకను నుంచి 1/8000కి పెరగడం చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) 100 దగ్గర ఎఫ్/16కి సుమారు 1/100 సరిపోతుంది. అదే ఎండలో ఎఫ్/1.8 వాడాలంటే లెక్క దాదాపు 1/8000కి వస్తుంది. 1/4000 దగ్గర ఆగిపోయే బాడీలో ఫొటో ఒక స్టాపు (అంటే రెట్టింపు వెలుతురు) తెల్లబోతుంది. ఎపర్చర్ మూయడమో, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తగిలించడమో తప్పదు.

ఫోకస్ పాయింట్లు 39 నుంచి 51కి పెరుగుతాయి. అంతకంటే ముఖ్యం, వాటిలో క్రాస్ రకంవి 9 నుంచి 15కి పెరుగుతాయి. మామూలు పాయింటు ఒక దిశలో ఉన్న గీతలనే పసిగడుతుంది, క్రాస్ పాయింటు నిలువునీ అడ్డాన్నీ రెండింటినీ పట్టుకుంటుంది. మసక వెలుతురులో ఫోకస్ పట్టే శక్తి డీ5600లో మైనస్ 1 ఈవీ (వెలుతురు కొలత, అంకె తగ్గేకొద్దీ చీకటి ఎక్కువ) వరకు అయితే, డీ7500లో మైనస్ 3 వరకు ఉంది.

కెనాన్‌లో ఇదే ప్రశ్నకి జవాబు కాస్త వేరు. కిందిశ్రేణి 800డీ, 77డీలలోనూ 80డీలో ఉన్నట్టే 45 పాయింట్లు, అన్నీ క్రాస్ రకమే. కాబట్టి అక్కడ ఫోకస్ కోసం పైకి వెళ్లనక్కర్లేదు. పెంటాప్రిజం, 1/8000, ఫోకస్ సవరణ సౌకర్యం, ఒక చార్జికి 600 బదులు 960 ఫొటోలిచ్చే బ్యాటరీ... ఇవి కావాలనుకుంటేనే 80డీ.

ప్ర: డీ7200లో 24.2 మెగాపిక్సెళ్లు ఉంటే, రెండేళ్ల తర్వాత వచ్చిన డీ7500లో 20.9కి తగ్గించారేమిటి? పాతదే మంచిదా?

జ: మెగాపిక్సెళ్ల తేడాని మర్చిపోండి. అడ్డంగా చూస్తే ఒకటి 6000 పిక్సెళ్లు, ఇంకోటి 5568. తేడా 8 శాతం లోపే. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింటు వేస్తే ఒకటి 20 అంగుళాలు, రెండోది పద్దెనిమిదిన్నర అంగుళాలు వస్తుంది. గోడ మీద తగిలించాక ఎవరూ కనిపెట్టలేరు.

అసలు తేడాలు వేరే ఉన్నాయి, అవి రెండువైపులా ఉన్నాయి. డీ7500 సెకనుకు 8 ఫ్రేములు తీస్తుంది, 14-బిట్ రా ఫైళ్లు వరసగా 50 దాకా ఆగకుండా మింగుతుంది. డీ7200 సెకనుకు 6 తీసి, 18 రా ఫైళ్ల తర్వాత ఊపిరి తీసుకుంటుంది. పక్షులూ ఆటలూ తీసేవాళ్లకి ఇది పెద్ద తేడా. కొత్తదానికి పైకీ కిందకీ వంగే స్క్రీన్ కూడా ఉంది.

డీ7200లో ఉండి డీ7500లో తీసేసినవీ ఉన్నాయి. రెండో కార్డు స్లాటు పోయింది. బ్యాటరీ గ్రిప్ తగిలించే ఏర్పాటు పోయింది. పాత మాన్యువల్ లెన్సుల ఎపర్చర్‌ని బాడీకి చెప్పే చిన్న మీట పోయింది. డబ్బు తీసుకుని ఇతరుల వేడుకలు తీసేవాళ్లయితే రెండో స్లాటు కోసమే డీ7200 చూడమంటాం. కార్డు చెడిపోవడం అరుదే, కానీ అది జరిగే రోజున ఆ వేడుక మళ్లీ జరగదు. ఈ తరగతిలో 80డీ, 90డీలకు కూడా ఒకటే స్లాటు.

ప్ర: ఫిల్మ్ కాలం నాటి నికాన్ లెన్సులు కొన్ని ఇంట్లో ఉన్నాయి. కొత్త బాడీకి పనికొస్తాయా?

జ: నికాన్ ఎఫ్ మౌంటు 1959 నుంచి ఉంది కాబట్టి చాలావరకు తగులుకుంటాయి. తగులుకోవడం వేరు, పనిచేయడం వేరు. లెన్సు వెనక మౌంటు రింగు మీద చిన్న స్క్రూ తలలాంటి గాడి, దానితోపాటు బంగారు రంగు కాంటాక్టులు ఉంటే అది ఏఎఫ్ (ఆటోఫోకస్) లేదా ఏఎఫ్-డీ లెన్సు. అందులో మోటారు ఉండదు, బాడీలోని మోటారే తిప్పాలి. డీ7200, డీ7500 రెండింటిలోనూ ఆ మోటారు ఉంది. డీ5600, డీ3500లలో లేదు, వాటిమీద చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే. కాంటాక్టులు అసలే లేని ఏఐ లెన్సయితే (చేత్తో ఫోకస్ చేసే పాత రకం) డీ7200లో మీటరింగ్, అంటే వెలుతురు కొలత, పనిచేస్తుంది. డీ7500లో మీటరు పలకదు, మాన్యువల్ మోడ్‌లో అంచనాతో తీసి స్క్రీన్‌లో చూసుకోవాలి. 1977కి ముందటి, ఏఐకి మార్చని లెన్సుల్ని మాత్రం బలవంతంగా తిప్పి ఎక్కించకండి. బాడీ దెబ్బతినే ప్రమాదం ఉంది.

కెనాన్ వాళ్లకి ఈ బెడద లేదు. 1987లో మొదలైన ఈఎఫ్ వరసలో ఆటోఫోకస్ మోటారు మొదటినుంచీ లెన్సులోనే ఉంది.

ప్ర: మా పాప స్టేజీ మీద డాన్స్ చేస్తుంటే తీసిన ఫొటోలన్నీ బ్లర్ అవుతున్నాయి. 18-55 లెన్సు, ఎంట్రీ లెవెల్ బాడీ వాడుతున్నాను. మంచి బాడీ కొంటే సరిపోతుందా?

జ: బాడీ కొనకండి, లెన్సు కొనండి. 55 ఎం.ఎం. దగ్గర మీ లెన్సు ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు. ఐఎస్ఓ 6400 పెట్టినా స్టేజీ వెలుతురులో షట్టర్ 1/60 దగ్గరే ఉంటోందనుకుందాం. కదిలే చేతులకీ, తిరిగే తలకీ 1/60 చాలదు. అదే చోట 50 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్సు పెడితే మూడు స్టాపులకు పైగా వెలుతురు ఎక్కువ వస్తుంది, షట్టర్ 1/500 దాటుతుంది. అంత వేగం అక్కర్లేదనుకుంటే 1/250 దగ్గర ఆపి ఐఎస్ఓని సగానికి తగ్గించుకోండి. అదే తరం సెన్సర్ ఉన్న ఖరీదైన బాడీ కొంటే ఇందులో ఒక్క స్టాపు కూడా కలిసిరాదు.

లెన్సులో వీఆర్ లేదా ఐఎస్ ఉంది కదా అనుకోవచ్చు. అది మీ చేతి వణుకుని ఆపుతుంది, పాప కదలికని ఆపదు. నికాన్ ఎంట్రీ బాడీ అయితే మోటారున్న ఏఎఫ్-ఎస్ 50 ఎం.ఎం. తీసుకోండి, ఏఎఫ్-డీ వద్దు. మొదటి వరసల్లో కూర్చునే వీలుంటేనే 50 ఎం.ఎం. సరిపోతుంది. వెనక నుంచి తీయాలంటే 85 ఎం.ఎం. ఎఫ్/1.8 చూడండి.

ఇంకో చిక్కు రావచ్చు. కొన్ని దీపాల కింద వేగంగా తీస్తే ఒక ఫ్రేము వెలుగ్గా, దాని పక్కది చీకటిగా, మరోటి పసుపుగా వస్తాయి. కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఆ దీపాలు సెకనుకు 100 లేదా 120 సార్లు మిణుకుమంటాయి, ఆ మిణుకులో ఏ క్షణం మీ షట్టర్‌కి దొరికితే ఆ రంగు. 80డీ, 77డీ, 800డీ, డీ7500లలో దీనికి యాంటీ-ఫ్లికర్ సెట్టింగ్ ఉంది. వెలుతురు పూర్తిగా వచ్చే క్షణం దాకా షట్టర్‌ని లిప్తపాటు ఆపుతుంది. వరసగా తీసే (బర్స్ట్) వేగం కాస్త తగ్గుతుంది, ఫర్వాలేదు. ఫొటోల విషయంలో డీ7200కి ఈ సౌకర్యం లేదు.

ప్ర: 80డీతో 50 ఎం.ఎం. ఎఫ్/1.8 వాడుతున్నాను. కళ్ల మీద ఫోకస్ పెడితే చెవులు షార్ప్‌గా వస్తున్నాయి. కెమెరా చెడిపోయిందా?

జ: కెమెరాని అనుమానించేముందు మీరు ఫోకస్ పెట్టే పద్ధతి చూసుకోవాలి. ఒకటిన్నర మీటర్ల దూరంలో ఎఫ్/1.8 దగ్గర షార్ప్‌గా వచ్చే మందం మొత్తం కలిపి సుమారు ఆరు సెంటీమీటర్లే. మధ్య పాయింటుతో కంటి మీద ఫోకస్ చేసి, ఆ తర్వాత ఫ్రేము జరిపితే ఆ జరుపులోనే సగం పోతుంది. మీరు కాస్త ముందుకో వెనక్కో ఊగితే మిగతాదీ పోతుంది. ముందు కంటికి దగ్గరగా ఉన్న పాయింటునే ఎంచుకుని, ఫ్రేము జరపకుండా తీసి చూడండి. పాయింటు ఎంపికను ఆటోకి వదిలేస్తే, కెమెరాకి ముక్కయినా చెవి పోగయినా ఒకటే.

అయినా చెవులే వస్తుంటే పరీక్ష చేయండి. కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టండి. గుబురు అక్షరాలున్న కాగితాన్ని అట్టకి అంటించి సెన్సర్‌కి సమాంతరంగా నిలబెట్టండి. దాని పక్కనే ఒక స్కేలుని 45 డిగ్రీల వాలుగా, మధ్య గీత కాగితంతో సమానంగా ఉండేలా పెట్టండి. దూరం ఫోకల్ లెంగ్త్‌కి 50 రెట్లు ఉంచాలి, అంటే 50 ఎం.ఎం.కి రెండున్నర మీటర్లు. మధ్య పాయింటు, వన్-షాట్ ఏఎఫ్ (ఒకసారి ఫోకస్ పట్టి ఆగే పద్ధతి), ఎఫ్/1.8, రెండు సెకన్ల టైమర్. ప్రతి ఫొటోకి ముందు ఫోకస్ రింగుని చివరిదాకా తిప్పి, అక్కణ్నుంచి కెమెరా కొత్తగా ఫోకస్ వెతుక్కునేలా చేయాలి. ఈ చిన్న పని మానేస్తే పరీక్షంతా దండగ. ఇలా వ్యూఫైండర్‌తో ఐదారు ఫొటోలు, లైవ్ వ్యూతో (వెనక స్క్రీన్‌లో చూస్తూ) రెండు మూడు తీయండి.

లైవ్ వ్యూలో ఫోకస్ సెన్సర్ మీదే జరుగుతుంది కాబట్టి దానికి ఈ జబ్బు రాదు. వ్యూఫైండర్‌తో తీసేటప్పుడు వెలుతురు అద్దం కిందనున్న వేరే ఫోకస్ మాడ్యూల్‌కి వెళ్తుంది. ఆ దారి పొడవూ సెన్సర్ దాకా ఉన్న దారి పొడవూ కొద్దిగా తేడా వస్తే ఫోకస్ ఎప్పుడూ ముందుకో వెనక్కో పడుతుంది. లైవ్ వ్యూ ఫొటోలు బాగుండి, వ్యూఫైండర్‌వి అన్నీ వెనక్కే పడుతుంటే మెనూలో ఏఎఫ్ మైక్రో అడ్జస్ట్‌మెంట్‌కి వెళ్లి, ఈ లెన్సుకి మైనస్ వైపు 5 జరిపి మళ్లీ తీయండి. పరిధి మైనస్ 20 నుంచి ప్లస్ 20. సరిపోయేదాకా ఒకట్రెండు చొప్పున సరిచేసుకోండి. ఒక ఫొటో ముందుకి, ఒకటి వెనక్కి పడుతుంటే మాత్రం సవరణతో పోదు. వెలుతురు చాలకపోవడమో, లెన్సు మోటారు సరిగా ఆగకపోవడమో కారణం.

జూమ్ లెన్సుకయితే 80డీలో వైడ్ చివరకీ టెలీ చివరకీ విడివిడి విలువలు ఇవ్వొచ్చు, నికాన్ డీ7500లో లెన్సుకి ఒకటే విలువ. బదులుగా డీ7500 లైవ్ వ్యూతో పోల్చుకుని తనంతట తానే సవరించుకోగలదు. 800డీ, 77డీ, డీ5600లలో ఈ మెనూయే లేదు. ఎఫ్/1.4, ఎఫ్/1.8 లెన్సులు వాడాలనుకునేవాళ్లు మధ్యశ్రేణికి రావడానికి మా దృష్టిలో ఇదే అన్నిటికన్నా గట్టి కారణం. అమ్మేవాళ్లు దీని ఊసే ఎత్తరు.

ప్ర: వీడియోలు కూడా తీయాలి. డీ7500లో 4కే ఉంది, 80డీలో లేదు. డీ7500 కొననా?

జ: 4కే అన్న మాట చూసి కొనకండి. డీ7500 4కే తీసేటప్పుడు సెన్సర్ మధ్యభాగాన్నే వాడుకుంటుంది, మరో ఒకటిన్నర రెట్లు క్రాప్ అవుతుంది. 18 ఎం.ఎం. లెన్సు పెట్టినా ఫుల్‌ఫ్రేమ్ మీద 40 ఎం.ఎం. చూపించినంతే కనిపిస్తుంది. చిన్న గదిలో గోడకి ఆనుకుని నిలబడ్డా మనుషులు పట్టరు. పైగా లైవ్ వ్యూలో దాని ఫోకస్ కాంట్రాస్ట్ పద్ధతిది, ముందుకీ వెనక్కీ తడుముకోవడం వీడియోలో కనిపిస్తుంది.

80డీలో 1080 వరకే ఉన్నా, డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ మనిషి ముఖాన్ని నెమ్మదిగా, తడబడకుండా వెంబడిస్తుంది. స్క్రీన్ పూర్తిగా తిరిగి ముందుకి వస్తుంది. 4కే తప్పనిసరయితే 90డీ సెన్సర్ మొత్తం వెడల్పూ వాడి 4కే తీస్తుంది. మూడింటికీ మైకు, హెడ్‌ఫోన్ రెండు జాక్‌లూ ఉన్నాయి. 77డీకి హెడ్‌ఫోన్ జాక్ లేదని గుర్తుంచుకోండి. డీ7500 4కే నిమిషానికి సుమారు 1 జీబీ తింటుంది, వీ30 గుర్తున్న కార్డు చాలు. ఈ బాడీల్లో దేనిలోనైనా ఒక క్లిప్పు 29 నిమిషాల 59 సెకన్ల దగ్గర ఆగిపోతుంది.

ప్ర: పెంటాక్స్ కే-70 బాడీలోనే స్టెబిలైజేషన్ (చేతి వణుకుని ఆపే ఏర్పాటు) ఉందట. కెనాన్, నికాన్‌లలో ఎందుకు లేదు?

జ: ఆ రెండు కంపెనీలూ డీఎస్ఎల్ఆర్‌లలో లెన్సు స్టెబిలైజేషన్‌నే నమ్ముకున్నాయి. పెంటాక్స్ పద్ధతిలో సెన్సరే కదులుతుంది, కాబట్టి పాత మాన్యువల్ లెన్సుకి కూడా అది పనిచేస్తుంది. అయితే వ్యూఫైండర్‌లో బొమ్మ మాత్రం ఊగుతూనే ఉంటుంది. 300 ఎం.ఎం.తో పక్షిని ఫ్రేములో నిలబెట్టాలంటే లెన్సులో ఉన్నదే హాయి. కే-70కి పెంటాప్రిజం, నీటి రక్షణ రెండూ ఉన్నాయి. లెన్సుల వైవిధ్యంలోనూ, కదిలేవాటి మీద ఫోకస్‌లోనూ కాస్త సర్దుకోవాలి.

ప్ర: వెదర్ సీలింగ్ ఉందంటే వానలో తీయొచ్చా?

జ: తుంపరలకి ఓర్చుకుంటుంది, అంతే. లెన్సు మౌంటు చుట్టూ రబ్బరు రింగు లేకపోతే నీళ్లు అక్కణ్నుంచే లోపలికి దిగుతాయి. సాధారణ 18-55, 18-135 కిట్ లెన్సులు చాలావాటికి ఆ సీలింగ్ ఉండదు. జూమ్ గొట్టం బయటికి వచ్చినప్పుడు తడిసి, లోపలికి వెళ్లేటప్పుడు ఆ తడిని వెంటబెట్టుకుపోతుంది. ప్లాస్టిక్ కవరే నయం.

ప్ర: వాడిన కెమెరా కొంటే ఏమేం చూడాలి?

జ: షట్టర్ కౌంట్ (షట్టర్ ఇప్పటిదాకా ఎన్నిసార్లు కొట్టిందో) అందరూ అడుగుతారు. నికాన్‌లో తాజా జేపెగ్ ఫైలు ఎగ్జిఫ్ వివరాల్లోనే (ఫొటోతోపాటు ఫైలులో కెమెరా రాసిపెట్టే సమాచారంలో) ఆ సంఖ్య దొరుకుతుంది. కెనాన్‌లో మామూలుగా ఫైలులో ఉండదు, కెమెరాని కంప్యూటర్‌కి తగిలించి వేరే సాఫ్ట్‌వేర్‌తో చదవాలి. కంపెనీలు పరీక్షించిన మేర 80డీకి 1,00,000, 90డీకి 1,20,000, డీ7200, డీ7500లకు 1,50,000. అది గడువు తేదీ కాదు, ముందే పోవచ్చు, రెట్టింపు నడవొచ్చు.

మీరు చేయాల్సింది ఇది: మీ కార్డు, మీ లెన్సు తీసుకెళ్లండి. 1/8000 దగ్గర తెల్లని గోడని నాలుగైదు సార్లు తీయండి. ఫ్రేము పైనో కిందో నల్లగా దిగితే షట్టర్ తెరల వేగం తప్పిందని అర్థం, ఆ కెమెరా వదిలేయండి. ఎఫ్/16 పెట్టి, ఫోకస్ చెదరగొట్టి ఆకాశాన్ని తీస్తే సెన్సర్ మీది దుమ్ము చుక్కలుగా కనిపిస్తుంది. దుమ్ము శుభ్రం చేయించుకోవచ్చు, జరిపినా ఊదినా కదలని గీత ఉంటే అది గాటు. వ్యూఫైండర్‌లో మాత్రమే కనిపించే నలకలు ఫొటోలో రావు, బేరమాడటానికి మాత్రం పనికొస్తాయి. డయల్స్ రెండూ తిప్పి అంకెలు ఎగిరిపడకుండా వరసగా మారుతున్నాయేమో చూడండి. కార్డు స్లాటు లోపలి పిన్నులు, గ్రిప్ రబ్బరు, బ్యాటరీ వయసు చూపించే మెనూ కూడా చూడాలి. నికాన్‌లో ఆ వయసు 0 అంటే కొత్తది, 4 అంటే మార్చాల్సిందే.

ప్ర: అందరూ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరాలు) అంటున్నారు. ఇప్పుడు డీఎస్ఎల్ఆర్ కొనడం తెలివితక్కువా?

జ: ఈ తరగతిలో నికాన్ ఆఖరి మోడల్ 2017 నాటి డీ7500, కెనాన్‌ది 2019 నాటి 90డీ. కొత్త బాడీల మీదా లెన్సుల మీదా ఆ రెండు కంపెనీల దృష్టి మిర్రర్‌లెస్ వైపు వెళ్లిపోయింది. వీడియోయే ప్రధానమైతే, ఫొటోల్లో ఎప్పుడూ కంటి మీదే ఫోకస్ కావాలంటే మిర్రర్‌లెస్‌కే వెళ్లండి. ఇంట్లో ఇప్పటికే లెన్సులుంటే, రోజంతా ఒకే బ్యాటరీతో గడవాలంటే, తెర మీద కాకుండా గాజులోంచి చూడటమే ఇష్టమైతే డీఎస్ఎల్ఆర్ ఇంకా గట్టి కొనుగోలే.

లెన్సులు వృథా కావు, కానీ దారి ఒకవైపే. కెనాన్ ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు అడాప్టర్‌తో ఆర్ఎఫ్ (కెనాన్ మిర్రర్‌లెస్) బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో ఏఎఫ్-ఎస్ లెన్సులు జెడ్ (నికాన్ మిర్రర్‌లెస్) బాడీల మీద అలాగే పనిచేస్తాయి, ఏఎఫ్-డీ మాత్రం మాన్యువల్ అయిపోతాయి, ఆ అడాప్టర్‌లో మోటారు లేదు. మిర్రర్‌లెస్ లెన్సుల్ని డీఎస్ఎల్ఆర్‌కి పెట్టడం కుదరదు. జెడ్ మౌంటు నుంచి సెన్సర్‌కి దూరం 16 ఎం.ఎం., ఎఫ్ మౌంటులో 46.5 ఎం.ఎం. మధ్యలో అద్దం అడ్డం. కాబట్టి రేపు మారే ఆలోచన ఉన్నవాళ్లు ఈరోజు ఏఎఫ్-డీ లెన్సుల మీద ఎక్కువ డబ్బు పెట్టకండి.